రాత్రి ఎనిమిదిన్నరకు జపాను పాట
(సంఘం మాఘమాసపు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యీ వేదికమీద యింతకు ముందు పోతనగారి భాగవతం గురించి, వేమన గురించి, ఒకసారి పలాస జీడిపప్పు వ్యాపారం గురించి కూడా ప్రసంగాలు జరిగాయి. జపాను పాట గురించి జరగడం యిదే మొదలు. నేను చదివింది మెట్రిక్యులేషను. చేసేది పార్సిలాఫీసులో గుమాస్తా పని. సంగీతం నేర్చినవాణ్ణి కాను, జపాను చూసినవాణ్ణీ కాను. ఐనా కార్యదర్శిగారు నన్నే లేవదీయడానికి ఒక కారణం వుంది. రాబోయే ఉగాదినాడు మన కాలనీ పిల్లలు ఐదుగురు ఒక జపాను పాట పాడతామని కాగితం వ్రాసి యిచ్చారు. దానిమీద కార్యవర్గం రెండుగా చీలింది. “తెలుగు పద్యం ఒక్కటి తప్పుల్లేకుండా చెప్పలేని పిల్లలకు జపాను పాట ఎందుకయ్యా?” అని ఒక పెద్దాయన అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం లేదని నేననను. ఆ ఐదుగురిలో ఒకతె మా మేనకోడలు కాబట్టి నాకు పక్షపాతం లేదని కూడా అనను. నిర్ణయం వచ్చే ఆదివారం జరుగుతుంది. ఆ లోపల ఆ పాటలేమిటో, అవి కొత్తగా వచ్చినప్పుడు ఎలా అందుకోవాలో, అందుకుంటే మనకేం ఒరుగుతుందో నాకు తెలిసినంతలో మనవి చేస్తాను.

ముందు చెవి సంగతి చెబుతాను. 2023 ఏప్రిల్ నెలాఖరులో మా అక్క కూతురు మా వరండాలో కూర్చుని అదే పనిగా ఒకే పాట వింటోంది. ఏమిటే అది అంటే, “కొత్త పాట మామయ్యా, వచ్చి రెండు వారాలే అయింది” అంది. యోవాసోబి అనే జంట చేసిన ‘ఐడల్’ అనే పాట. ఆ యింగ్లీషు మాట జపానువారి నోట ‘అయిదోరు’ అయింది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ వుండగానే ఒక ఆలోచన తట్టింది. మనం మాత్రం ఏం చేస్తున్నాం? బస్ అనం, బస్సు అంటాం. కప్ అనం, కప్పు అంటాం. హోటలు, టేబులు, పార్సిలు, టిక్కెట్టు. పదం చివర అచ్చు లేకపోతే మన నాలుకకు నిలకడ లేదు. అందుకే తెలుగును అజంత భాష అన్నారు. జపానువారి నాలుకా అటువంటిదే. బస్సును వాళ్ళు ‘బసు’ అంటారు, హోటలును ‘హోతెరు’ అంటారు, కప్పును మాత్రం అచ్చంగా ‘కప్పు’ అనే అంటారు. ఒక్క నకారపు పొల్లు తప్ప మరే హల్లూ వాళ్ళ పదం చివర నిలవదు. అచ్చు మీద ఆగే మాట రాగానికి లొంగుతుంది, సాగదీయవచ్చును, విరవవచ్చును. మాట పోకడ కూడా మన వరుసే. నేను, పాట, విన్నాను అని క్రియను చివరకు ఉంచుతారు. యింగ్లీషులో లాగ తలక్రిందులు చేసుకోనక్కరలేదు. (మన పొరుగు ఒడియావారు కూడా పదం చివరి అచ్చును మింగరు. జట్నీ బజారులో పదినిమిషాలు నిలబడితే ఆ సంగతి తెలుస్తుంది.) ఐతే యిందులో చుట్టరికం వెదకవద్దని మనవి. రెండు భాషలూ ఒకే తల్లి బిడ్డలని ఋజువు కాలేదు. చెవికి దగ్గర, అంతవరకే.

జపాను పాట బయటి లోకానికి చేరడం ఏమంత కొత్త కాదు. కాని ఎలా చేరింది అన్నది చూడవలసిన విషయం. 1961లో సకామోతో క్యూ అనే యువకుడు ఒక పాట పాడాడు. ఆ పేరుకు ‘పైకి చూస్తూ నడుద్దాం’ అని అర్థం. ఎయి రొకుసుకె వ్రాశాడు, నకామురా హచిదయి స్వరం కట్టాడు. 1960లో అమెరికాతో భద్రతా ఒడంబడికను ఎదిరిస్తూ జపానులో పెద్ద ఆందోళన జరిగింది. అది విఫలమైనప్పుడు రచయితకు కలిగిన దిగులు యీ పాటకు మూలం. అది 1963 జూన్‌లో అమెరికాలో బిల్‌బోర్డు పట్టికలో మూడు వారాలపాటు మొదటి స్థానంలో నిలిచింది. ఏ పేరుతో అనుకున్నారు? ‘సుకియాకి’ అని! సుకియాకి అంటే గొడ్డుమాంసం పలచని ముక్కలతో వండే కూర. పాటలో వంట ప్రసక్తి లేదు. అసలు పేరు నోరు తిరగదని పడమటి వ్యాపారులు తమకు తెలిసిన జపాను మాట ఒకటి తీసుకొని తగిలించారు. మన విషాదగీతం ఒకదానికి ‘గోంగూర’ అని పేరు పెట్టి లండనులో అమ్మినట్టు వుంటుంది. ఆ గాయకుడు 1985 ఆగస్టు 12న 520 మందిని బలిగొన్న విమాన ప్రమాదంలో పోయాడు. ఆయన పుట్టిన వూరు కావాసాకి. అక్కడి కెయ్‌క్యూ రైలుస్టేషనులో బండి వస్తోందని తెలిపే సంకేతంగా ఆ పాట వరుసనే ఏర్పాటు చేశారు.

రైల్వేవాణ్ణి కనుక యిక్కడ ఒక్క నిమిషం ఆగనివ్వండి. 1989లో టోక్యోలోని షింజుకు, షిబుయా స్టేషన్లలో, బండి కదిలేముందు మోగే కర్కశమైన గంట తీసివేసి దాని బదులు కొద్ది క్షణాల స్వరం ఒకటి పెట్టారు. ఆ పద్ధతి తర్వాత చాలా స్టేషన్లకు ప్రాకింది. మన ప్లాట్‌ఫారాల మీద వినిపించే వాటి గురించి నేను మాట్లాడితే నా ఉద్యోగానికి మంచిది కాదు.

రాబోయేది పరాభవ నామ సంవత్సరం. క్రితం పరాభవ ఎప్పుడో పంచాంగం తిప్పి చూస్తే 1966లో మొదలయింది. ఆ యేడు జూన్ 30 నుంచి జులై 2 వరకు బీటిల్సు టోక్యోలోని బుదోకాన్‌లో పాడారు. అది 1964 ఒలింపిక్సులో జూదో పోటీలకని కట్టిన మందిరం. విదేశీ కుర్రవాళ్ళ గిటార్లు అక్కడ మోగడమేమిటని కొందరు పెద్దలు మండిపడ్డారు. ఆ వెంటనే జపాను యువకులు నలుగురైదుగురేసి చేరి, గిటార్లు పట్టి కట్టిన జట్లు జోరందుకొన్నాయి. వాటికి గ్రూప్ సౌండ్స్ అని పేరు. అరవై ఏళ్ళ క్రితం పరాభవలో అక్కడి పెద్దలు వేసిన ప్రశ్న, యీ పరాభవలో మన కార్యవర్గం వేస్తున్న ప్రశ్న దాదాపు ఒకటే అని గమనించమని మాత్రం కోరుతున్నాను.

తరువాత చాలాకాలం జపాను పాట యింట్లోనే వుండిపోయింది. అక్కడి రికార్డు కంపెనీలకు స్వదేశంలోనే కావలసినంత గిరాకీ వుండేది. పుస్తకాలకు లాగే రికార్డులకు కూడా తయారుదారు నిర్ణయించిన ధరకే అమ్మాలనే ఏర్పాటు 1953 నాటి చట్టసవరణ వల్ల వుంది. సీడీ ఖరీదు పడిపోదు, కొనేవాళ్ళున్నారు, బయటివాళ్ళ కోసం ప్రాకులాడడం దేనికి? యూట్యూబు వచ్చిన తరువాత కూడా చాలా కంపెనీలు పాటలో సగమే అందులో పెట్టి తక్కిన సగానికి సీడీ కొనమనేవి. స్పాటిఫై జపానులో మొదలయింది 2016లో.

యీ ఆలస్యానికి ఫలితం ఏమయిందంటే, బయటివాళ్ళు జపాను పాటలను కనిపెట్టినప్పుడల్లా పాతవే కనిపెట్టారు. తకెయుచి మరియా 1984లో పాడిన ‘ప్లాస్టిక్ లవ్’ అనే పాట ముప్పై యేళ్ళు దాటాక యూట్యూబు పుణ్యమా అని లోకమంతా తిరిగింది. మత్సుబారా మికి 1979లో పాడిన పాట ఒకటుంది, పేరుకు ‘అర్ధరాత్రి తలుపు’ అని అర్థం. అది 2020 చివర దేశదేశాల కుర్రకారు నోట పడింది. మంచి పాట. కాని ఆ గాయని 2004లోనే కన్నుమూశారు. నలభై యేళ్ళు ఆలస్యంగా చేరిన చప్పట్లు వినడానికి ఆమె లేరు. పార్సిలాఫీసులో సరుకు ఆలస్యంగా చేరడం, తీసుకునేవారు లేక బీరువాలో మిగిలిపోవడం నాకు అలవాటైన దృశ్యమే. ఐనా యీ సంగతి చదివిన రోజున మనసు చివుక్కుమంది.

కొత్త పాటను కొత్తగా వున్నప్పుడే వినాలని నాకు పట్టుదల కలిగింది అప్పటినుంచే. అది యిప్పుడు సాధ్యం కూడాను. 2019 డిసెంబరులో యోవాసోబి వారి మొదటి పాట వచ్చింది. ఆ పాటకు విడి సీడీ లేదు. ఐనా బిల్‌బోర్డు జపాను 2020 సంవత్సరాంతపు పట్టికలో అదే మొదటి స్థానంలో నిలిచింది. సీడీ లేకుండా పాట గెలవగలదని కంపెనీలకు తెలిసింది. నేను ముందు చెప్పిన ‘ఐడల్’ 2023 జూన్‌లో, అమెరికా మినహా ప్రపంచమంతటికీ వేసే బిల్‌బోర్డు పట్టికలో మొదటి స్థానం పొందింది. ఆ స్థానం జపాను పాటకు దక్కడం అదే మొదలు. ఎవరూ దానికి కూర పేరు పెట్టలేదు.

యిక అందుకొనే విధానం. యిది టైంటేబులు వ్యవహారం, కాబట్టి నిస్సంకోచంగా చెబుతాను. జపాను గడియారం మనకంటె మూడున్నర గంటలు ముందు. కొత్త పాటలు చాలావరకు అక్కడ అర్ధరాత్రి సున్న గంటలకు విడుదలవుతాయి. మనకది 20-30, అంటే రాత్రి ఎనిమిదిన్నర. డ్యూటీ దిగి, స్నానం చేసి, అన్నం దగ్గర కూర్చునే వేళ. బుధవారం తేదీతో వచ్చే పాట మనకు మంగళవారం రాత్రే చేతికందుతుంది. బుధవారం ఎందుకంటారా? సీడీలకు అది అక్కడి ఆనవాయితీ. 1968 నుంచి వారం వారం అమ్మకాల పట్టిక వేసే ఒరికాన్ సంస్థ లెక్క సోమవారం నుంచి ఆదివారం దాకా వుంటుంది. సరుకు దుకాణాలకు మంగళవారమే చేరుతుంది. గడువుకు ఒక రోజు ముందే దుకాణంలో చేజిక్కించుకోవడానికి వాళ్ళలో ‘ఫురాగె’ అని ముద్దుపేరు కూడా వుంది. 2015 జులైలో లోకంలో చాలా దేశాలు కొత్త రికార్డులకు శుక్రవారం అని నిర్ణయించుకొన్నా, జపాను సీడీ తన బుధవారాన్ని వదలలేదు. ఫోనులో వినే పాటలకు యీ నియమం అంత గట్టిగా లేదు, ఏ రోజైనా రావచ్చును. ఐనా మంగళవారం రాత్రి చూసుకొన్నవాడు వట్టి చేతులతో పోవడం అరుదు.

వారం తర్వాత ఋతువు. జపాను టెలివిజనులో బొమ్మల కథలు, అంటే అనిమేలు, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో కొత్త వరుసలు మొదలవుతాయి. ప్రతి కథకూ మొదట ఒక పాట, చివర ఒక పాట. ఒక్కొక్కటి తెరమీద సుమారు తొంభై సెకండ్లు. పూర్తి పాట విడిగా వస్తుంది. అందుచేత యీ నాలుగు నెలల్లో కొత్త పాటలు రద్దీ రోజుల స్పెషలు బండ్లలా వరుసగా దిగుతాయి. ‘ఐడల్’ వచ్చింది ఏప్రిల్‌లో. యోనెజు కెన్షి పాడిన ‘కిక్ బ్యాక్’ 2022 అక్టోబరులో. క్రీపీ నట్స్ అనే యిద్దరి ‘బ్లింగ్ బ్యాంగ్ బ్యాంగ్ బోర్న్’ 2024 జనవరిలో. లెక్క సరిపోయిందా?

పట్టికలు చూసి పాటను ఎంచుకొనేవారికి ఒక హెచ్చరిక. సీడీతోపాటు గాయనితో చేయి కలిపే టిక్కెట్టు, జట్టులో ఎవరు ముందు నిలబడాలో ఓటు వేసే టిక్కెట్టు పెట్టి అమ్మే పద్ధతిని 2005లో పుట్టిన ఏ.కె.బి.48 జట్టు ప్రసిద్ధం చేసింది. ఒక్క మనిషే ఒకే సీడీని పదులకొద్దీ కొంటే ఆ పట్టిక పాటను కొలిచినట్టా, అభిమానాన్ని కొలిచినట్టా? 2008లో మొదలైన బిల్‌బోర్డు జపాను పట్టిక రానురాను ఫోనులో విన్నవి, వీడియోలో చూసినవి కూడా లెక్కలో చేర్చుకొంది. కొత్తవాళ్ళకు వేరే పట్టిక వుంది. నేను చూసేది అదే. యూట్యూబు తనంతట తాను మీ ముందు పెట్టేది మాత్రం నమ్మకండి. పదిమంది విన్నదాన్నే అది పదకొండోవాడికి యిస్తుంది. మళ్ళీ పాత సరుకే.

యింకొక కిటుకు. పాడినవారి పేరుతో ఆగవద్దు. జపాను పాట వివరాల్లో సాహిత్యం, స్వరం, వాద్యాల కూర్పు అని మూడు పేర్లు విడిగా వుంటాయి. పాట నచ్చితే ఆ మూడు పేర్లు వ్రాసుకోండి. వాళ్ళు మరెవరికి పని చేశారో వెదకండి. సప్పోరో నగరంలోని ఒక కంపెనీ 2007 ఆగస్టులో హత్సునె మికు అని ఒక గొంతును అమ్మకానికి పెట్టింది. అది మనిషి కాదు, కంప్యూటరులో మాటా స్వరమూ వ్రాసి యిస్తే పాడే యంత్రపు గొంతు. ఏ కంపెనీ గడపా తొక్కనక్కరలేకుండా కుర్రవాళ్ళు తమ గదుల్లో కూర్చుని దానిచేత పాడించి లోకం మీదికి వదిలారు. ‘కిక్ బ్యాక్’ చేసిన యోనెజు 2009 నాటికి ‘హచి’ అనే మారుపేరుతో ఆ పని చేస్తున్నవాడే. ‘ఐడల్’ కట్టిన అయాసె కూడా ఆ బడిలోనివాడే. యీ కాలపు పాటల్లో మాటలు గుక్కతిప్పుకోకుండా పరుగెత్తడం, స్వరం ఒక్కసారి మేడెక్కి దూకడం మీకు వినిపిస్తే అది ఎక్కడినుంచి వచ్చిందో గ్రహించండి. యంత్రానికి వూపిరి అక్కరలేదు గదా. ఆ గొంతుకని కట్టడం అలవాటైనవారు మనుషుల చేత కూడా అలాగే పాడిస్తున్నారు. నా మట్టుకు నాకు వీటిలో సగం పాటలు రెండోసారికే అలసట కలిగిస్తాయి. తొంభై సెకండ్లలో పట్టెయ్యాలన్న తొందర కొన్నిటిని పాడుచేసింది. అదో అనే అమ్మాయి మాత్రం ఆ పరుగును అవలీలగా పాడుతుంది. 2020 అక్టోబరులో మొదటి పెద్ద పాట విడుదలయ్యేనాటికి ఆమెకు పదిహేడేళ్ళు, మరునాడు పద్దెనిమిది నిండాయి. వేదికమీద నీడగా కనిపిస్తుందే తప్ప ముఖం చూపదు. తెరవెనుక గొంతులనే ప్రేమించి పెరిగిన మనకు అందులో వింతేముంది?

నాకు అన్నిటికంటె దగ్గరైనవాడు ఫుజీ కజె. కజె అంటే గాలి. ఒకయామ జిల్లాలోని సతోషో అనే చిన్న వూళ్ళో 1997లో పుట్టాడు. చిన్నతనంలో పియానో వాయిస్తూ తనను వీడియో తీసి యూట్యూబులో పెట్టేవాడు. 2019 నవంబరులో అతని మొదటి పాట ‘నన్ నన్’ వచ్చింది. ఏమిటిది, ఏమిటయ్యా యిది అనే అర్థంలో వాళ్ళ వూరి యాస మాట. పాటంతా ఆ యాసే. ఎదుటివాళ్ళ పంటిలో పచ్చని నాచుపొడి యిరుక్కొంటే చెప్పాలా వద్దా అన్న సందిగ్ధంతో మొదలుపెడతాడు. టోక్యోలో నెగ్గాలంటే టోక్యో మాటే మాట్లాడాలన్న పట్టింపు అతనికి లేదు. యిది విన్నప్పుడు మనమంతా గుర్తుకు వచ్చాము. మా తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో పలాస ప్రాంతం నుంచి యీ ఖుర్దారోడ్డుకు వచ్చారు. ఆయన తెచ్చిన శ్రీకాకుళపు మాట, దానిమీద ఒడియా పూత, యింతే మనకున్న తెలుగు. విజయవాడ చుట్టాలు నవ్వుతారని పెళ్ళిళ్ళలో మనం హిందీలోకి దిగిపోవడం ఎవరికి తెలియదు?

ఆ ఫుజీ కజె మొదటి ఆల్బం 2020 మేలో వచ్చింది. దాని పేరు ‘హెల్ప్ ఎవర్ హర్ట్ నెవర్’. 2022 మార్చిలో వచ్చిన రెండవదాని పేరు ‘లవ్ ఆల్ సర్వ్ ఆల్’. యీ రెండు వాక్యాలు మనలో చాలామంది యిళ్ళలో క్యాలెండరు మీద చూసినవే. పుట్టపర్తి సత్యసాయిబాబాగారి బోధలు. అనంతపురం వైపు పల్లెనుంచి బయలుదేరిన మాట ఒకయామ కుర్రవాడి ఆల్బం అట్ట మీదికి ఎక్కింది. మీలో భక్తులుండవచ్చు, కానివారుండవచ్చు, ఆ చర్చ యీ సభది కాదు. నేను చెప్పేది దూరం గురించి. ఆ మొదటి ఆల్బంలోని ‘షినునొగ ఈవా’ అనే పాట రెండేళ్ళ తర్వాత, 2022లో, ముందుగా థాయిలాండులో అంటుకొని దేశాలు తిరిగింది. ఆ డిసెంబరు 31 రాత్రి అతను దాన్ని ‘కోహకు’లో పాడాడు. కోహకు అంటే 1951లో రేడియోలో మొదలైన కార్యక్రమం. గాయనులు ఎర్ర జట్టుగా, గాయకులు తెల్ల జట్టుగా పాడుతూ వుండగా జపానువారు పాత సంవత్సరాన్ని సాగనంపుతారు. పాటతో కొత్త సంవత్సరాన్ని పిలవడం మనకొక్కరికే తెలుసుననుకోనక్కరలేదు.

మూడవ ఆల్బం 2025 సెప్టెంబరు 5న వచ్చింది. దాని పేరు ‘ప్రేమ’. అవును, మన ప్రేమే, సంస్కృతం నుంచి మనం తీసుకొన్న మాటే. జపాను అక్షరాల్లో ‘ప్ర’ అనే సంయుక్తం కుదరదు కనుక అది ‘పురెమ’ అవుతుంది. మేనకోడలు ఆ పేరు చూపించినప్పుడు మా అమ్మ కళ్ళజోడు సవరించుకొని చూసి, “వాడికి యీ మాట ఎవరు చెప్పారే?” అంది. ఆ ఆల్బంలో ‘హచికో’ అనే పాట వుంది. 1925లో యజమాని అయిన ప్రొఫెసరు చనిపోయినా, తాను 1935లో చనిపోయే వరకు షిబుయా స్టేషనులో ఆయన దిగుతాడని ఎదురుచూసిన కుక్క పేరు అది. రైల్వే కాలనీలో పుట్టినవాళ్ళకు ఆ కథ వివరించనక్కరలేదు. ఐతే ‘ప్రేమ’ అంతా యింగ్లీషులో పాడాడు. పెద్ద లోకానికి అదే దారి అనుకొన్నాడు కాబోలు. బాగానే వుంది. కాని ఆ నాచుపొడి పాట దగ్గరకే నేను మళ్ళీ మళ్ళీ పోతూ వుంటాను.

యిప్పుడు పిల్లల సంగతికి వస్తాను. వాళ్ళు మొదట ఎంచుకొన్నది యోవాసోబి వారి మొదటి పాట. వరుస ఎంతో హుషారుగా వుంటుంది. కాని అది ఒక చిన్నకథను పాటగా మార్చినది. ఆ కథ చావు పిలుపు గురించి, ప్రాణం తీసుకోవడం గురించి. హుషారు వరుసకింద ఆ విషయం దాగివుంది. తల్లిదండ్రులు యిది తెలుసుకొని వుండాలి. అర్థం తెలియని భాష కదా, ఏదైతేనేం అనుకోరాదు. పిల్లలు అర్థం చదువుకొన్నారు, తమలో తాము మాట్లాడుకొన్నారు, ఉగాదినాడు యిది వద్దని తామే నిర్ణయించుకొన్నారు. దాని బదులు ఫుజీ కజె 2024 మార్చిలో విడుదల చేసిన ‘మిచితెయుకు’ తీసుకొన్నారు. నిండుతూ పోవడం అని అర్థం. నెమ్మదైన పాట. పట్టుకొన్నది విడిచిపెడితేనే మనసు నిండుతుందన్న భావం.

పాడాలంటే మాటలు వ్రాసుకోవాలి గదా. మావాళ్ళ బడిలో ఒడియా, యింగ్లీషు. యింగ్లీషు అక్షరాల్లో వ్రాసుకొంటే హ్రస్వమేదో దీర్ఘమేదో తేలలేదు. జపానులో అది తేలకపోతే ప్రమాదం. ‘ఒబసాన్’ అంటే అత్త, ‘ఒబాసాన్’ అంటే అమ్మమ్మ. ‘కితె’ అంటే రా, ‘కిత్తె’ అంటే తపాలాబిళ్ళ. ఒడియా లిపిలో దీర్ఘాలు వున్నా నోట తేడా అంతగా పలకదు. తెలుగులో ఐతే దీర్ఘమూ పలుకుతుంది, ఒత్తూ పలుకుతుంది. “అమ్మమ్మా, నాకు గుణింతం నేర్పవే” అని మా మేనకోడలు దీపావళి సెలవుల్లో పలక ముందేసుకొని కూర్చుంది. నాలుగేళ్ళుగా మేము బ్రతిమాలినా కూర్చోని పిల్ల. యిప్పుడు ఆ పాట తెలుగు అక్షరాల్లో నోటుబుక్కులో వుంది. కావలసినవారు సభ తర్వాత చూడవచ్చును. ‘ళ’ కు ‘ల’ వ్రాసింది గాని దీర్ఘాలు ఒక్కటీ పోలేదు.

పెద్దలను నేనొకటి అడగదలచుకొన్నాను. మన సంఘంలో యిన్నేళ్ళుగా పాడుతున్న తెలుగు పాటలు ఎప్పటివి? ఘంటసాలగారివి, లీలగారివి. నాకూ ప్రాణమే. కాని మా తాత యీ స్టేషనులో దిగిన తర్వాత వచ్చిన పదిపదిహేనేళ్ళ పాటల దగ్గరే మన తెలుగు గడియారం నిలిచిపోయింది. పోయిన నెల హైదరాబాదులో విడుదలైన తెలుగు పాట ఏదో మనలో ఎందరికి తెలుసు? ‘ఆర్.ఆర్.ఆర్.’ 2022 అక్టోబరు 21న జపానులో విడుదలైతే అక్కడివారు తెలుగు ముక్క రాకుండానే థియేటర్లకు మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. 2023 మార్చిలో ‘నాటు నాటు’కు ఆస్కారు వచ్చింది. 2024 జనవరిలో తకరాజుక అనే, అందరూ ఆడవారే నటించే వంద యేళ్ళు దాటిన నాటకసంస్థ ఆ కథను రంగస్థలం మీద ఆడింది. భీముడి వేషమూ ఆడపిల్లదే! మన పాట అక్కడికి పాతబడకుండా వెళ్ళింది. వాళ్ళు మనలను యీనాటి మనుషులుగా చూశారు. ఆ గౌరవం వాళ్ళకు మనం యివ్వగలమా, మనకు మనమే యిచ్చుకోగలమా అన్నది నన్ను వేధించే ప్రశ్న. మంగళవారం రాత్రి ఎనిమిదిన్నరకు ఫోను ముందు కూర్చునే పిల్ల ఆ నిమిషాన టోక్యో కుర్రవాడితో సమానంగా వింటోంది. ఆమె వెనకబడిలేదు, ఎవరి మిగులు వస్తువునూ పుచ్చుకోవడంలేదు. ఆ అలవాటుతోనే ఆమె యీ మధ్య కొత్త తెలుగు పాటలు ఏ వారం ఏవి వస్తున్నాయో కూడా వ్రాసి పెడుతోంది. ఆ పట్టిక మా యింటి తలుపుకు అంటించి వుంది.

నిర్ణయం ఆదివారం అన్నారు. దానికి ముందు ఒక మంగళవారం వుంది. ఆ రోజు 20-20 కల్లా మన పఠనాలయం తలుపు తీసి వుంటుంది. స్పీకరు నేను తెస్తాను. ఏ పాట వస్తుందో నాకూ తెలియదు. బాగుండకపోవచ్చును కూడా. అర్థం పిల్లలు చెబుతారు, ‘మిచితెయుకు’ కూడా ఒకసారి పాడి వినిపిస్తారు. పద్యం సంగతి అడిగిన పెద్దాయనను ముందు వరుసలో కూర్చోబెట్టాలని మేనకోడలు మరీ మరీ చెప్పింది. కుర్చీలు పన్నెండే వున్నాయి. తక్కినవారు దయచేసి చాపలు తెచ్చుకోండి.